తెలుగు టైపింగ్ తప్పులు: లోపం మీటలోనా, అక్షరంలోనా, తెర మీదా?

మీ ప్రశ్న పొడవుగా ఉంది. తర్వాత చదివేవారి కోసం ముందు దాన్ని కుదించి చెబుతాను. పాత కంప్యూటర్‌లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో, ‘యాపిల్’ అనే కీబోర్డు అమరికతో చాలా ఏళ్లు డీటీపీ పని చేశారు. ఇప్పుడు విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్‌లో తెలుగు భాష చేర్చుకోగానే మీటలన్నీ తారుమారయ్యాయి. లేఖినిలో (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయించే వెబ్‌సైటు) రాస్తే ‘త’ రావలసిన చోట ‘థ’ వస్తోంది. ‘ఫేస్‌బుక్’ అని రాయబోతే ‘స’ కింద ‘బ’ ఒత్తు పడుతోంది. ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటున్నాయి. మీరు పంపిన పేర్ల జాబితా ఎక్సెల్‌లో తెరిచినవారికి పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయి. పాత ఫైళ్లు తెరిస్తే ఇంగ్లీషు ముక్కలు తప్ప తెలుగు లేదు. ఇవన్నీ పోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలని అడిగారు.

ఏ ఒక్క సాఫ్ట్‌వేరూ ఇవన్నీ పోగొట్టలేదు, ఎందుకంటే ఇవి ఒకే చోట పుట్టినవి కావు. మీట నొక్కినప్పుడు ఏ సంకేతం పుట్టిందన్నది ఒక విషయం. ఆ సంకేతం ఫైలులో ఎలా నిలిచిందన్నది రెండోది. దాన్ని తెర మీద ఎవరు, ఏ ఫాంటుతో గీశారన్నది మూడోది. చాలామంది మూడో చోట లోపం ఉంటే మొదటి చోట మందు వేస్తారు. ఫొటోషాప్‌లో ఒత్తు విడిపోతే కీబోర్డు సాఫ్ట్‌వేర్ మారుస్తారు. అది మార్చినా ఒత్తు విడిపోతూనే ఉంటుంది, అప్పుడు ఇంకొకటి వేస్తారు. చివరికి కంప్యూటర్‌లో నాలుగు కీబోర్డులు పోగై, ఏది నొక్కితే ఏది వస్తుందో తెలియని పరిస్థితి వస్తుంది. మీరు ఆ దారిలోకి వెళ్లకముందే అడిగారు, సంతోషం.

లోపం ఎక్కడుందో తేల్చడానికి చేయవలసింది చాలా తేలిక. తప్పుగా కనిపిస్తున్న మాటను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. అక్కడ సవ్యంగా కనిపిస్తే అక్షరాలు సరైనవే. మొదట చూసిన సాఫ్ట్‌వేరుకే తెలుగు గీయడం రాలేదు, లేదా దానికి తగిన ఫాంటు దొరకలేదు. నోట్‌ప్యాడ్‌లోనూ తప్పుగానే ఉంటే అక్షరాలే తప్పు పడ్డాయి. అప్పుడు కీబోర్డును, అలవాటును చూసుకోవాలి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఏదీ తీసివేయకండి, ఏదీ కొత్తగా వేసుకోకండి.

ఇక్కడ అను పద్ధతికి, ప్రపంచ లిపులకు ఉమ్మడిగా సంకేతాలు ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్‌కు ఉన్న తేడా తెలుసుకోక తప్పదు. మీ ఆరు ఫిర్యాదులలో నాలుగు ఈ తేడా నుంచే వస్తున్నాయి. పాత ఫాంటులో ఉన్నవి 256 స్థానాలే. గుణింతాలు, ఒత్తులు కలిపి తెలుగుకు వందల రూపాలు కావాలి. అందుకని ఫాంటు తయారుచేసినవారు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక చోట, ఒంటి అక్షరం మరో చోట, ఒత్తులు ఇంకో చోట, అన్నీ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో పెట్టారు. మీరు టైపు చేసినప్పుడు ఫైలులో నిలిచింది తెలుగు కాదు, ఆ ఇంగ్లీషు గుర్తులే. ఫాంటు వాటికి తెలుగు వేషం వేసింది. ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ వేషం తీసేసినట్టు కనిపించడం సహజం.

యూనికోడ్‌లో దారి వేరు. తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. వాటిలో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, సున్న, విసర్గ, పొల్లు, అంకెలు ఉంటాయి. ఒత్తులకు విడిగా స్థానం లేదు. ‘లక్ష్మి’ అన్న మాటను తీసుకోండి. ఫైలులో ఇది ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. రెండు హల్లుల మధ్య పొల్లు ఉంటే రెండోదాన్ని ఒత్తుగా మార్చాలన్న తెలివి ఫాంటుది, దాన్ని గీసే సాఫ్ట్‌వేరుది. టైపు చేసేవారు ఒత్తును ‘గీయరు’, హల్లు తర్వాత పొల్లు, దాని తర్వాత మరో హల్లు ఇస్తారు, అంతే. అనులో ఒత్తుకు విడిగా మీట నొక్కడం అలవాటైన వేళ్లకు మొదట్లో ఇదే వింతగా ఉంటుంది. ఈ సంగతి ఒంటబట్టాక మిగతాదంతా సాఫీగా నడుస్తుంది.

చెరిపివేత కూడా ఇప్పుడు అర్థమవుతుంది. ‘లక్ష్మి’ చివర కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ నొక్కితే మొదట గుడి పోతుంది, తర్వాత ‘మ’, ఆ తర్వాత పొల్లు పోయి ‘లక్ష’ మిగులుతుంది. అదే ‘ల’ తర్వాత కర్సర్ పెట్టి డిలీట్ మీట నొక్కితే విండోస్‌లోని చాలా సాఫ్ట్‌వేర్లలో ‘క్ష్మి’ మొత్తం ఒక్క దెబ్బకు పోతుంది. అలా జరిగితే కంప్యూటర్ పాడైందని అనుకోకండి. గుణింతం ఒక్కటే మార్చాలంటే అక్షరం తర్వాత కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ వాడండి.

మరో గుర్తు కూడా మీకు కనిపించి ఉంటుంది: చుక్కలతో గీసిన చిన్న వలయం, దాని మీద గుడో కొమ్మో. హల్లు లేకుండా గుణింతం వచ్చిందని, లేదా ఒకే హల్లుకు రెండు గుణింతాలు పడ్డాయని ఆ వలయం చెబుతోంది. ఫాంటు మార్చి దాన్ని దాచే ప్రయత్నం చేయకండి. అక్కడ నిజంగా తప్పుంది, బ్యాక్‌స్పేస్ నొక్కి మళ్లీ రాయండి.

ఇక మీటల తారుమారు సంగతి. విండోస్‌లో తెలుగు చేర్చినప్పుడు రెండు రకాల కీబోర్డులు దొరుకుతాయి. ‘తెలుగు’ అన్న పేరుతో ఉన్నది ఇన్‌స్క్రిప్ట్ అమరిక. ‘తెలుగు ఫొనెటిక్’ అన్నది ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే తెలుగు మాటలు సూచించేది. ఇది విండోస్ 10కు 2019 మే నెలలో వచ్చిన అప్‌డేట్‌తో తెలుగుతో సహా పది భారతీయ భాషలకు అందింది. మీకు మీటలు తారుమారైనట్టు అనిపించింది ఇన్‌స్క్రిప్ట్ వల్ల. సెట్టింగ్స్‌లో భాషల విభాగానికి వెళ్లి, తెలుగు పక్కన ఉన్న ఎంపికలు తెరిస్తే కీబోర్డుల జాబితా ఉంటుంది. మీకు కావలసిన ఒక్కటే ఉంచి మిగతావి తీసేయండి. మార్చుకోవడానికి విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కాలి. రెండు తెలుగు కీబోర్డులు, రెండు ఇంగ్లీషు కీబోర్డులు పెట్టుకున్నవారు ఈ మీట నొక్కిన ప్రతిసారీ ఎక్కడున్నారో తెలియక తికమకపడతారు. ఒక తెలుగు, ఒక ఇంగ్లీషు చాలు. ఒక్కో కిటికీకి వేరుగా భాష గుర్తుంచుకునే సదుపాయం కూడా ఉంది, అది సెట్టింగ్స్‌లో టైపింగ్ విభాగం కింది అడ్వాన్స్‌డ్ కీబోర్డు సెట్టింగులలో ఉంటుంది. వర్డ్‌లో తెలుగు, బ్రౌజర్‌లో ఇంగ్లీషు వాడేవారికి అది చాలా ఉపయోగం. పాస్‌వర్డ్ సరైనదే అయినా తప్పని చెబుతుంటే ముందు పనిపట్టీ (టాస్క్‌బార్) మూలన ఏ భాష ఉందో చూడండి.

ఇన్‌స్క్రిప్ట్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీకు నా సలహా అదే. 1980లలో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ విభాగం భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా నిర్ణయించిన అమరిక ఇది. తర్వాత 1991లో, భారతీయ లిపులకు సంకేతాలు నిర్ణయించిన ఇస్కీ ప్రమాణంలోనూ చేరింది. ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడి చేతి వైపు ఎక్కువ హల్లులు ఉంటాయి. కె మీటకు ‘క’, షిఫ్ట్‌తో ‘ఖ’. ఐ మీటకు ‘గ’, షిఫ్ట్‌తో ‘ఘ’. ఎల్ మీటకు ‘త’, షిఫ్ట్‌తో ‘థ’. డి మీట పొల్లు. ఎఫ్ నొక్కితే గుడి, షిఫ్ట్‌తో ఎఫ్ నొక్కితే ‘ఇ’. జి నొక్కితే కొమ్ము, షిఫ్ట్‌తో ‘ఉ’. అంటే అల్పప్రాణం, మహాప్రాణం ఒకే మీట మీద, గుణింతం, దాని అచ్చు ఒకే మీట మీద ఉంటాయి. బడిలో వర్ణమాల నేర్చుకున్న క్రమమే వేళ్లకు దారి చూపిస్తుంది.

పైన చెప్పిన ‘లక్ష్మి’ని ఈ అమరికలో రాయండి: ఎన్, కె, డి, షిఫ్ట్‌తో కామా, డి, సి, ఎఫ్. ఏడు సంకేతాలకు ఏడు మీటలు. నొక్కింది నొక్కినట్టే వస్తుంది, మధ్యలో ఎవరూ ఊహించరు, ఏ జాబితా నుంచీ ఎంచుకోనక్కరలేదు, ఇంటర్నెట్ అవసరం లేదు. కన్నడం, హిందీ, తమిళం రాయవలసి వచ్చినా ‘క’ కె మీట మీదే ఉంటుంది. విండోస్, మ్యాక్, లినక్స్, మూడింటిలోనూ ఈ అమరిక దొరుకుతుంది. ఉద్యోగం మారినా, యంత్రం మారినా చేతి అలవాటు వృథా కాదు. మీరు అను యాపిల్ అమరిక మీద పెట్టిన శ్రమ ఒక సంస్థ సాఫ్ట్‌వేర్‌తో ముడిపడి ఉండటం వల్లే కదా ఇప్పుడు ఈ ఇబ్బంది వచ్చింది.

నేర్చుకునేటప్పుడు మొత్తం పటం ముందు పెట్టుకుని ఒక్కో అక్షరం వెతకకండి. మొదట మధ్య వరసలో ఎడమవైపున్న ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము, కుడివైపున్న ప, ర, క, త, ఈ కొద్ది అక్షరాలతో వచ్చే మాటలు రాయండి: కరి, తరి, కత్తి, పేరు వంటివి. కింద వరసలోని మ, న, వ, ల, స చేర్చుకుంటే సగానికి సగం తెలుగు వచ్చేస్తుంది. రోజూ పని చేసే వ్యక్తికి కొద్ది వారాల్లో పాత వేగం తిరిగి వస్తుంది. ఆ వారాలు విసుగు పుట్టిస్తాయి, దాచడం ఎందుకు. గడువున్న పనిని ఆ రోజుల్లో ఫొనెటిక్‌తో ముగించి, గడువు లేని పనిని ఇన్‌స్క్రిప్ట్‌తో చేయండి.

యాపిల్ అమరిక వదలలేనంటే అదీ నేరం కాదు. లినక్స్‌లో ఐబస్ అనే వ్యవస్థకు ఎం17ఎన్ అనే భాగం చేర్చుకుంటే తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి), పోతన, యాపిల్ అమరికలు కూడా యూనికోడ్‌లో వస్తాయి. వేసుకున్నాక ఒకసారి లాగవుట్ చేసి రావాలి, లేకపోతే జాబితాలో కనిపించవు. విండోస్‌లో కీమ్యాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ద్వారా గానీ, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే కీబోర్డు లేఅవుట్ క్రియేటర్‌తో గానీ మీ అలవాటుకు తగిన అమరికను మీరే తయారుచేసుకోవచ్చు. ఓపిక ఉన్నవారికి అది మంచి పని. కానీ వేరే కంప్యూటర్ ముందు కూర్చోగానే మళ్లీ మొదటికొస్తారని గుర్తుంచుకోండి.

ఇప్పుడు త, థ సంగతి. లేఖిని వాడేది ఆర్‌టీఎస్ అనే పద్ధతి. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ దీన్ని రూపొందించారు. అందులో టీ ఒక్కటి నొక్కితే ‘త’, షిఫ్ట్‌తో టీ నొక్కితే ‘ట’, టీ తర్వాత హెచ్ నొక్కితే ‘థ’. మనం ఇంగ్లీషులో పేర్లు రాసే అలవాటు కొద్దీ ‘తల్లి’కి టీ, హెచ్ రెండూ వాడతాం, అందుకే ‘థల్లి’ అయింది. పద్ధతిలో తప్పు లేదు. పైగా ఆ కచ్చితత్వమే దాని బలం. డీ నొక్కితే ‘ద’, షిఫ్ట్‌తో ‘డ’. ఎన్ నొక్కితే ‘న’, షిఫ్ట్‌తో ‘ణ’. ఎల్ నొక్కితే ‘ల’, షిఫ్ట్‌తో ‘ళ’. ఎస్ నొక్కితే ‘స’, షిఫ్ట్‌తో ‘శ’, ఎస్ తర్వాత హెచ్ నొక్కితే ‘ష’. హ్రస్వ ‘ఎ’కు చిన్న ఈ, దీర్ఘ ‘ఏ’కు పెద్ద ఈ. ఇవి గుర్తుంటే ఆర్‌టీఎస్ ఎక్కడా మోసం చేయదు. క్యాప్స్ లాక్ మాత్రం వెలిగి ఉండకూడదు. అది వెలిగి ఉంటే పంక్తి పంక్తంతా ట, ణ, ళలతో నిండిపోతుంది.

విండోస్ ఫొనెటిక్ గానీ, ఫోన్లలో చాలామంది వాడే ఇంగ్లీషు నుంచి తెలుగు కీబోర్డులు గానీ ఈ తరహావి కావు. మీరు రాసిన ఇంగ్లీషు అక్షరాలను చూసి ఏ తెలుగు మాట అయి ఉంటుందో ఊహిస్తాయి. రోజువారీ మాటల్లో ఊహ చాలావరకు సరిగానే ఉంటుంది. చిక్కంతా రెండు మాటలూ నిజమైనవే అయినప్పుడు. ‘అర్థం’ అంటే భావం, ‘అర్ధం’ అంటే సగం. ఇంగ్లీషులో చాలామంది రెండింటినీ ఒకేలా రాస్తారు. యంత్రం ఏదో ఒకటి ఎంచుతుంది, స్పేస్ నొక్కగానే అది స్థిరపడుతుంది. అక్షరదోషాలు చూసే సాఫ్ట్‌వేర్ కూడా ఏమీ అనదు, ఎందుకంటే రెండూ నిఘంటువులో ఉన్న మాటలే. ‘కల’, ‘కళ’ కూడా అలాంటివే. ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు వచ్చినప్పుడైతే ఊహ మరీ గాడి తప్పుతుంది. దరఖాస్తులో పేరు, దస్తావేజు, శుభలేఖ, పాఠ్యపుస్తకం, వీటిలో దేనికీ ఊహ మీద ఆధారపడే కీబోర్డు వాడవద్దని గట్టిగా చెబుతాను. వాడక తప్పకపోతే స్పేస్ నొక్కే ముందు జాబితా చూడండి, పేర్లన్నీ ఒక్కో అక్షరం కూడబలుక్కుని సరిచూడండి.

గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ వేసుకోమని ఎవరో చెప్పారని రాశారు. క్రోమ్ బ్రౌజర్‌కు పొడిగింపుగా అది ఇప్పటికీ ఉంది. విండోస్ అంతటా పనిచేసే పాత కూర్పును మాత్రం గూగుల్ అధికారికంగా ఇవ్వడం మానేసింది. వేరే చోట్ల దొరికే ఆ ఫైలును వేసుకోవద్దు. కీబోర్డు సాఫ్ట్‌వేర్ మీరు నొక్కే ప్రతి మీటనూ చూస్తుంది, పాస్‌వర్డులతో సహా. ఎవరు ఇచ్చారో తెలియనిదాన్ని ఆ స్థానంలో కూర్చోబెట్టడం ప్రమాదం.

‘ఫేస్‌బుక్’ సమస్యకు వద్దాం. పై సూత్రం ప్రకారం ‘స’, పొల్లు, ‘బ’ వరసగా వస్తే ‘ఫేస్బుక్’ అని ఒత్తు పడటమే నియమం. పడకూడదంటే పొల్లు తర్వాత, ‘బ’కు ముందు, కంటికి కనిపించని ఒక సంకేతం పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్‌జాయినర్. వెడల్పు ఉండదు, ఖాళీ కాదు, రెండు అక్షరాలు కలవకుండా అడ్డు నిలుస్తుంది. వర్డ్‌లో అయితే ఆ చోట 200, వెంటనే సి అక్షరం టైపు చేసి, ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కండి, ఆ నాలుగు అక్షరాలు మాయమై అడ్డు సంకేతం వస్తుంది. లినక్స్‌లో చాలా చోట్ల కంట్రోల్, షిఫ్ట్, యు నొక్కి అదే సంఖ్య ఇవ్వవచ్చు. విండోస్‌లోని క్యారెక్టర్ మ్యాప్ నుంచి కాపీ చేసుకోవడం మూడో దారి. తరచూ వాడే మాటలను వర్డ్ ఆటోకరెక్ట్‌లో చేర్చుకోవడం అన్నిటికన్నా సుఖం. ‘సాఫ్ట్వేర్’ అని రాస్తే ‘సాఫ్ట్‌వేర్’గా దానంతట అదే మారేలా ఒకసారి పెట్టుకుంటే చాలు.

చాలామంది దీనికి బదులు స్పేస్ కొడతారు. ‘ఫేస్ బుక్’ అని రెండు మాటలవుతుంది, పంక్తి చివరలో రెండుగా విరుగుతుంది. విభక్తులకు అలా చేస్తే మరీ అన్యాయం. ‘కంప్యూటర్ లో’ అని విడగొట్టి రాయడం తెలుగు రాతను పాడుచేస్తోందని నాకు నిజంగా బాధ. విదేశీ మాటను అజంతం (అచ్చుతో ముగిసేలా) చేసుకోవడం మన భాషకు ఎప్పటి నుంచో ఉన్న శక్తి: కంప్యూటరులో, బ్యాంకులో, బస్సుకు. అలా రాస్తే ఏ అడ్డు సంకేతమూ అక్కరలేదు. పొల్లుతోనే రాయాలనుకుంటే అడ్డు సంకేతం పెట్టండి, స్పేస్ మాత్రం పెట్టవద్దు.

ఆ కనిపించని సంకేతాన్ని అవసరం లేని చోట చల్లకూడదు కూడా. మాట చివరి పొల్లుకు అది అక్కరలేదు, దాని తర్వాత కలవడానికి హల్లే లేదు. గుణింతానికి ముందు అసలు పెట్టకూడదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం చూసి మొరాయించిన వార్త మీకు గుర్తుండవచ్చు. ఆ అక్షరం ‘జ్ఞా’లా కనిపించేదే. కానీ దాని లోపల జ, పొల్లు, ఞ వచ్చాక, దీర్ఘానికి ముందు ఈ అడ్డు సంకేతం చేరింది. దాన్ని గీయబోయి మెసేజ్ యాప్‌లు కూలిపోయాయి. యాపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. తప్పు యాపిల్‌దే, తెలుగుది కాదు. కానీ కంటికి కనిపించని సంకేతం కూడా వచనంలో భాగమే అని ఆ ఉదంతం చూపిస్తుంది. మీరు ‘ఫేస్‌బుక్’ను ఒకచోట అడ్డుతో, మరోచోట అడ్డు లేకుండా రాస్తే, వెతికినప్పుడు ఒకటి దొరికి మరొకటి దొరకకపోవచ్చు.

ఇలా కంటిని మోసం చేసే మరొకటి సున్న. అక్షరాల్లో ఉన్న సున్న ‘ం’, తెలుగు అంకె సున్నా ‘౦’, చాలా ఫాంట్లలో ఈ రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. గుర్తుల పట్టిక నుంచి ఏరుకున్నప్పుడు, అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసి అక్షరాలుగా మార్చినప్పుడు అంకె వచ్చి అక్షరం స్థానంలో కూర్చుంటుంది. ‘అ౦దరు’ అని అంకెతో ఉన్న మాట కంటికి బాగానే ఉంటుంది, వెతికితే మాత్రం దొరకదు, అకారాది క్రమంలో తప్పు చోట పడుతుంది, చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అక్కడ తడబడుతుంది. ఇంగ్లీషు ‘ఓ’ అక్షరాన్ని సున్నగా, కోలన్‌ను విసర్గగా వాడేవారూ ఉన్నారు. పుస్తకం పని ముగించేటప్పుడు వర్డ్‌లో అంకె ‘౦’ కోసం ఒకసారి వెతకండి. అన్నీ ఒకేసారి మార్చకండి, ‘౧౦౦’ లాంటి నిజమైన అంకెలు కూడా అందులో ఉండవచ్చు.

ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోవడం పూర్తిగా మూడో రకం. మీ అక్షరాలు సరైనవే. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగం తెరిచి, వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. కొంచెం పాత వెర్షన్లలో అది మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అన్న పేరుతో ఉంటుంది. ముందే రాసి పెట్టిన పాఠ్యానికి పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో కూడా ఆ ఎంపిక ఇవ్వవలసి రావచ్చు. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోవాలి. దాన్ని మీ పేరాగ్రాఫ్ స్టైలులోనే పెట్టుకుంటే పుస్తకమంతటికీ వర్తిస్తుంది. పేజ్‌మేకర్‌లో మాత్రం యూనికోడ్ తెలుగు రాదు. ఆ సాఫ్ట్‌వేర్ ఎదుగుదల 2001లో వచ్చిన ఏడో వెర్షన్‌తోనే ఆగిపోయింది. దానితో కుస్తీ పట్టకుండా ఇన్‌డిజైన్‌కు గానీ, ఉచితంగా దొరికే స్క్రైబస్ కొత్త వెర్షన్లకు గానీ మారడమే మేలు. ఫాంట్ల కొరత ఇప్పుడు లేదు. మండలి, సూరన్న, పెద్దన, రామభద్ర, గిడుగు వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి.

వర్డ్‌లో మరో చిక్కు మీకు ఎదురవుతుంది, ముందే చెబుతాను. ఫాంటు సైజు మార్చినా తెలుగు మారడం లేదని అనిపిస్తే, ఫాంట్ డైలాగ్ తెరిచి అందులో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అన్న విడి భాగం చూడండి. తెలుగుకు వర్తించే ఫాంటు, సైజు అక్కడ ఉంటాయి.

ఎక్సెల్ జాబితా సంగతి రెండో రకం, అంటే నిల్వలో వచ్చిన తేడా. మీరు సీఎస్‌వీ ఫైలు (గడులను కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) పంపి ఉంటారు. తెలుగు అక్షరం ఒక్కొక్కటి యూటీఎఫ్-8 (యూనికోడ్ సంకేతాలను ఫైలులో నిల్వ చేసే పద్ధతి)లో మూడు బైట్లు తీసుకుంటుంది. ఎక్సెల్ ఆ ఫైలును నేరుగా తెరిచినప్పుడు ఒక్కో బైటును ఒక్కో పాశ్చాత్య అక్షరంగా చదివేసింది. అందుకే నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం, దాని పక్కన చిన్న వలయం, మళ్లీ మళ్లీ కనిపించాయి. అలా కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, అక్షరాలు క్షేమంగానే ఉన్నాయి. ఆ ఫైలును సేవ్ చేయకుండా మూసేసి, ఎక్సెల్‌లో డేటా మెనూ నుంచి టెక్స్ట్ లేదా సీఎస్‌వీ దిగుమతి ఎంచుకుని, మూలం 65001 యూటీఎఫ్-8 అని చెప్పమనండి. మీరు పంపేటప్పుడే మామూలు ఎక్సెల్ ఫైలుగా పంపితే ఈ గొడవే ఉండదు. పిచ్చి గుర్తులకు బదులు వరసగా ప్రశ్నార్థకాలు ఉంటే మాత్రం ఆ ఫైలులో తెలుగు పోయినట్టే, ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. మూల ప్రతి కోసం వెతకాలి. ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదని అర్థం, ఫాంటు వేసుకుంటే వచ్చేస్తుంది. ఈ మూడింటినీ గుర్తుపట్టడం నేర్చుకుంటే ఎన్నో ఫైళ్లు చెత్తబుట్టలో పడకుండా ఆగుతాయి.

చివరిగా పాత అను ఫైళ్లు. ఇవి పారేయకండి, దయచేసి. వాటిలో ఉన్నది వేషం వేసిన ఇంగ్లీషు గుర్తులే అయినా, ఏ గుర్తు ఏ తెలుగు ముక్కో చెప్పే పట్టికతో యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఫాంటు కుటుంబాన్ని బట్టి పట్టిక మారుతుంది కాబట్టి, మార్చే ముందు ఏ ఫాంటుతో రాశారో తెలియాలి. ఫాంటు పేరు ఫైలులోనే ఉంటుంది, అందుకని మొదటే మామూలు టెక్స్ట్‌గా సేవ్ చేయవద్దు, ఆ సమాచారం పోతుంది. ఒక పేజీ మార్చి చూసి, ఒత్తులు, ‘ఘ’, ‘ఝ’, ‘ఋ’, ‘ఙ’ ఉన్న మాటలు వెతికి సరిచూడండి, ఎక్కువగా తేడా వచ్చేది అక్కడే. మధ్యలో ఇంగ్లీషు మాటలుంటే కన్వర్టర్ వాటినీ తెలుగు ముక్కలుగా మార్చేస్తుంది, వాటిని ముందే గుర్తు పెట్టుకోవాలి. మార్చాక ఒకసారి పూర్తిగా ప్రూఫ్ చదవక తప్పదు. శ్రమే, కానీ ఫలితం పెద్దది. ఒకసారి యూనికోడ్‌లోకి వచ్చిన పాఠ్యం వెతికితే దొరుకుతుంది, ఫోనులో చదవవచ్చు, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది. కథలు, వ్యాసాలు, స్థానిక చరిత్రలు ఎన్నో ఇలా పాత ఫాంట్ల కింద చిక్కుకుపోయి ఉన్నాయి. వాటిని బయటికి తీయగలిగిన వాళ్లు ఆ పని చేసిన మీలాంటి డీటీపీ వారే.

మీరు ముందుగా చేయవలసింది కీబోర్డుల జాబితా శుభ్రం చేసుకోవడం, తర్వాత ఫొటోషాప్ ఎంపిక మార్చడం. ఆ రెంటికీ ఎక్కువసేపు పట్టదు. పాత ఫైళ్లు పేజ్‌మేకర్‌వా, వర్డ్‌వా, వాటిలో ఫాంటు పేరు ఏమని చూపిస్తోందో రాయండి. పేజ్‌మేకర్‌వైతే పాఠ్యాన్ని ఫాంటు పేర్లతో సహా బయటికి తీసే క్రమం వేరు, అది విడిగా వివరిస్తాను.